ఆరు నెలలు దాటినా చేయి నేర్చుకుంటుంది

మీ అమ్మగారికి పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటింది, ఇక ఆ చేయి ఇంతేనని అందరూ అంటున్నారు, ఈ వయసులో మెదడు నిజంగా మారుతుందా అని అడిగారు. మారుతుంది. ఆరు నెలల గడువు పెట్టేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. మొదటి నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడం వేరు, ఆగిపోవడం వేరు.

మా నాన్నగారికి తెనాలిలో కిరాణా కొట్టు ఉంది. ఆయనకు కుడిచేయి పడిపోయింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఏ పూట ఏ మాత్ర వేయాలో వివరంగా రాసిచ్చారు. ఆ చేతితో రోజూ ఏం చేయించాలో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఇంటికొచ్చాక చుట్టాలు చేరారు. ఒకరు అన్నం కలిపి నోట్లో పెట్టేవారు, ఇంకొకరు గుండీలు పెట్టేవారు. పావురం రక్తం పూయమన్న పెద్దమనిషి కూడా వచ్చాడు. టీవీ ఎదురుగా మంచం వేసి పడుకోబెట్టడమే సేవ అనుకుంటే, ఆ చేతితో ఇక పని లేదనే సంగతినే మెదడు నేర్చుకుంటుంది.

ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కోతుల్లో గమనించింది ఇదే. ఒక చేతి నుంచి స్పర్శను మోసుకెళ్లే నరాలను కోసేస్తే కోతి ఆ చేతిని వాడడం మానేసింది. బాగున్న చేతిని కట్టేయగానే, వదిలేసిన చేతితోనే తిండి అందుకుంది. 1996లో రాండల్ఫ్ నూడో బృందం మరో సంగతి చూపింది. మెదడులో చేతిని కదిలించే చోట చిన్న దెబ్బ తగిలిన కోతులకు అభ్యాసం లేకపోతే, చుట్టుపక్కల దెబ్బతినకుండా మిగిలిన చేతి భాగం కూడా కుంచించుకుపోయింది. అభ్యాసం చేయించిన కోతుల్లో అది నిలబడింది.

మాకు దొరికిన ఫిజియోథెరపిస్టు ఈ దారే పట్టింది. ఎడమచేతికి తువ్వాలు చుట్టి, కుడిచేతికి పని చెప్పమంది. నేను నాన్నగారిని తీసుకెళ్లి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాను. ఒకరోజు పక్కవీధి ఆవిడ పావుకిలో పంచదార తీసుకుని యాభై నోటు ఇచ్చింది. చిల్లర ఇవ్వాలి. నాన్నగారి వేళ్లు నాణెం మీదికి వెళ్తున్నాయి, బొటనవేలు మాత్రం కలిసిరావడం లేదు. నాణెం జారి గల్లాలోనే పడుతోంది. వెనక ఇద్దరు నిలబడ్డారు. “నేను తీసుకుంటాలెండి బాబాయిగారూ” అంటూ ఆవిడ చేయి చాపింది. “వద్దమ్మా, ఆయన్నే ఇవ్వనివ్వండి” అన్నాను. నాన్నగారికి చెమటలు పట్టాయి, నామీద కోపంగా చూశారు. ఆఖరికి నాణేన్ని గల్లా అంచుదాకా ఈడ్చి, అక్కడ రెండు వేళ్లతో పట్టుకుని ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ కదలకుండా మిగతా చిల్లర కోసం నిలబడింది. ఏ వ్యాయామశాలలోనూ ఇంత పట్టుదల పుట్టదని నా గట్టి నమ్మకం. అక్కడ ఎదురుచూసే మనిషి ఉండడు.

అన్నట్టు, ఇప్పుడు అందరూ ఫోనుతోనే డబ్బు కట్టేస్తున్నారు. నాన్నగారి వేళ్లకు పని చెప్పే చిల్లర గల్లాలోకి రావడమే తగ్గిపోయింది. తెలిసినవాళ్లను నోట్లు తెమ్మని బతిమాలుకున్నాను.

ఇప్పుడు ఆయన చిల్లర ఇస్తారు, పొట్లం కడతారు. చిటికెనవేలు ఇంకా పూర్తిగా చాచలేరు.

ఇది మా ఇంటి ముచ్చటే అనుకోకండి. 2006లో ఫలితాలు వెలువడిన అమెరికా వైద్య ప్రయోగంలో 222 మంది పాల్గొన్నారు. అందరికీ పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైంది. బాగున్న చేతికి రెండు వారాలపాటు, దాదాపు మెలకువగా ఉన్నంతసేపూ తొడుగు వేసి, రెండో చేతితో సాధన చేయించారు. వారికి మామూలు వైద్యం పొందినవారికన్నా మెరుగైన ఫలితం వచ్చింది, ఏడాది తర్వాతా నిలిచింది. అయితే మణికట్టూ వేళ్లూ కొంతైనా పైకి కదిలేవారినే అందులో చేర్చుకున్నారు. అందుకే ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించి, ఆ కదలిక ఉందో లేదో తెలుసుకోండి. నడిచేటప్పుడు మాత్రం చేతికి తువ్వాలు చుట్టవద్దు, తూలితే పట్టుకోవడానికి ఆ చేయి కావాలి.

మీ అమ్మగారు ఇంతకుముందు ఏ పని చేసేవారో మీరు రాయలేదు. కుట్టుమిషనా, పూలు కట్టడమా, బడిలో పాఠాలా? అది చెబితే, ఏ పనితో మొదలుపెట్టవచ్చో నాకు తోచింది రాస్తాను.