మంత్రి మాట చూపించి సెలవు నిరాకరించవచ్చా?

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంటాను. నెలసరి నొప్పితో లేవలేక ఒకరోజు సెలవు పెడితే, మా మేనేజరు నా సెలవు చీటీకి పాత పేపరు కటింగు పిన్ను చేసి వెనక్కి పంపారు. నెలసరి వైకల్యం కాదు, దానికి ప్రత్యేక సెలవు అక్కర్లేదని అప్పటి కేంద్ర మంత్రి స్మృతి ఇరానీ అన్న వార్త అది. ఆమె మాటే చట్టమా? ఆమెపై కేసు వేయవచ్చా?
– ఒక సోదరి

జవాబు: చట్టం చూపించాల్సిన చోట మీ మేనేజరు గారు పేపరు చూపించారు. 2023 డిసెంబరు 13న రాజ్యసభలో ఎంపీ మనోజ్ ఝా అడిగినదానికి మహిళా, శిశు అభివృద్ధి మంత్రిగా ఆమె ఇచ్చిన సమాధానం అది. ఉభయ సభలు ఆమోదించి, రాష్ట్రపతి సంతకం పడితేనే ఏదైనా చట్టమవుతుంది. ఇక కేసు సంగతి మరచిపోండి. సభలో అన్న మాటలపై కోర్టుకెక్కకుండా రాజ్యాంగం 105వ అధికరణ అడ్డుకుంటుంది. ఆ మాట నచ్చకపోతే తేల్చుకోవలసింది ఓటుతోనే.

నెలసరికని విడిగా సెలవు ఇమ్మనే కేంద్ర చట్టం మాత్రం లేదు, అది నిజం. బిహార్ 1992 నుంచే తన ఉద్యోగినులకు నెలకు రెండు రోజులు ఇస్తోంది. కర్ణాటక 2025లో ప్రైవేటు సంస్థలనూ కలిపి నెలకొక రోజు ప్రకటించింది. అవి మీకు వర్తించవు. 2024 జులైలో సుప్రీంకోర్టు ఇది ప్రభుత్వాలు తేల్చవలసిన విధానమంది. సెలవు తప్పనిసరి చేస్తే ఆడవాళ్లకు ఉద్యోగాలే ఇవ్వరేమోనన్న సందేహమూ వెలిబుచ్చింది. ఆ భయానికే తలొగ్గి ఉంటే మనకు ప్రసూతి సెలవు వచ్చేదా?

అయినా మీకు ఆ ప్రత్యేక సెలవుతో పని లేదు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం (1988) 30వ సెక్షన్ కింద ఏడాదికి 12 రోజుల వరకు అనారోగ్య సెలవు, మరో 12 రోజుల వరకు క్యాజువల్ లీవు, రెండూ జీతంతోనే, మీ హక్కు. లేవలేనంత నొప్పి అనారోగ్యం కాకపోతే మరేమిటి? ఈసారి చీటీలో 'అస్వస్థత' అని రాసి, అనారోగ్య సెలవు అడగండి. నెలసరి ప్రస్తావన అక్కర్లేదు. డాక్టరు చీటీ ఉంటే జతచేయండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. నెలనెలా ఇంత బాధ ఉంటే ఎలాగూ ఒకసారి గైనకాలజిస్టుకు చూపించుకోవలసిందే. అప్పటికీ కాదంటే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ కాగితంతో మీ ప్రాంత సహాయ లేబర్ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.