మీ ప్రశ్న – నా జవాబు: ఆ డబ్బంతా ఏమైంది?

ప్రశ్న: క్యాన్సర్ మీద యుద్ధమంటూ అమెరికా 1971లోనే చట్టం చేసింది. 2016లో మళ్లీ చంద్రయాత్రంత పెద్ద ప్రయత్నమంటూ ‘మూన్‌షాట్’ అన్నారు. జబ్బు మాత్రం పోలేదు. అంత ప్రజాధనం పోసి ఏం సాధించినట్టు? ఈ పరిశోధనేదో మందుల కంపెనీలకే వదిలేయొచ్చుగా?

జవాబు: మీ కోపంలో కొంత న్యాయం ఉంది. ఆశ పెట్టినవాళ్లు అతిగానే పెట్టారు. 1969 డిసెంబరులో పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన వేసి, క్యాన్సర్‌ను నయం చేయడం మీ చేతిలోనే ఉందని అధ్యక్షుడు నిక్సన్‌ను ఊరించారు. ఆయన 1971 డిసెంబరు 23న జాతీయ క్యాన్సర్ చట్టంపై సంతకం పెట్టారు. చంద్రుడి మీద కాలుపెట్టిన ఊపు మరి! కానీ రాకెట్‌కు కావలసిన భౌతికశాస్త్రం అప్పటికే చేతిలో ఉంది. క్యాన్సర్ ఎలా పుడుతుందో మాత్రం అప్పటికింకా సరిగా తెలియదు. క్యాన్సర్ తెచ్చే జన్యువుకు మూలరూపం మామూలు కణాల్లోనే ఉంటుందని శాస్త్రవేత్తలు బిషప్, వార్మస్‌ల బృందం చూపించిందే 1976లో.

కంపెనీలకు వదిలేయమన్నారు. నేను కాలేజీలో బోటనీ చెప్పే రోజుల్లో, ఇదంతా పూలరేకుల లెక్కే కదా అని నవ్వే పిల్లలకు పసిఫిక్ యూ చెట్టు కథ చెప్పేదాన్ని. ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వేల మొక్కలను జల్లెడ పట్టిస్తున్న కాలమది. 1962లో వ్యవసాయ శాఖ ఉద్యోగి ఆర్థర్ బార్క్‌లే వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో ఆ చెట్టు బెరడు సేకరించాడు. అందులోని టాక్సాల్ అనే పదార్థపు నిర్మాణాన్ని రసాయన శాస్త్రవేత్తలు వాల్, వానీ 1971లో ప్రకటించారు. అది కణ విభజనను ఎలా అడ్డుకుంటుందో శాస్త్రవేత్త సుసాన్ హార్విట్జ్ 1979లో వివరించారు. అండాశయ క్యాన్సర్‌కు మందుగా అనుమతి దొరికేసరికి 1992 డిసెంబరు. ముప్పై ఏళ్లు పైసా రాబడి లేకుండా ఏ వాటాదారు ఊరుకుంటాడు చెప్పండి? చివరి అంచెలో కంపెనీ వచ్చి చేరింది, లాభాలూ గడించింది. ప్రజల డబ్బుతో పుట్టిన మందుకు ఆ ధర ఏమిటన్న పేచీ అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. నాకైతే మీ కోపం అక్కడ చూపించాలనిపిస్తుంది.

అమ్ముకోవడానికి మందే లేని పరిశోధనలూ ఉంటాయి. బాగా పొగతాగే అలవాటున్న, లేదా ఒకప్పుడు ఉండిన 53 వేల మందికి పైగా మనుషుల్లో కొందరికి తక్కువ రేడియేషన్ సీటీ స్కాన్, మిగతావారికి ఛాతీ ఎక్స్‌రే తీసి ఏళ్ల తరబడి గమనించారు. స్కాన్ తీసినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తక్కువని 2011లో తేలింది. ఖర్చు పెట్టుకుంది ఆ నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూటే.

1991 నుంచి అమెరికాలో క్యాన్సర్ మరణాల రేటు దాదాపు మూడో వంతు తగ్గింది. అందులో పెద్ద వాటా జనం పొగ మానడానిదే, మందులది కాదు.

మూన్‌షాట్‌కు 2016 చట్టం ఏడేళ్లకు గాను 180 కోట్ల డాలర్లు కేటాయించింది. 2022లో పెట్టుకున్న కొత్త లక్ష్యం, పాతికేళ్లలో మరణాల రేటును కనీసం సగానికి దించడం. ‘నయం చేసేస్తాం’ అనడం కంటే నాకు ఇదే నచ్చింది. 2047లో లెక్క తీసి నిలదీయవచ్చు.