గాల్లో ఇంజిన్ ఆగిపోతే శిక్షణ విమానం కూలిపోవాల్సిందేనా?

మీ అబ్బాయి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుతూ పైలట్ అవుతానంటున్నాడని, పాత దీపక్ విమానాల్లో ఇంజిన్ ఆగిపోయి పైలట్లు చనిపోయారని బంధువులు చెప్పినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని రాశారు. మాది టెక్కలి పక్కన పల్లెటూరమ్మా. వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. దీపక్‌ల మీద స్వయంగా పనిచేశాను కాబట్టి చెబుతున్నాను.

వాళ్లు చెప్పింది నిజమే. దీపక్, అంటే హెచ్‌పీటీ-32, వైమానిక దళం కొత్త పైలట్లకు శిక్షణ ఇచ్చిన విమానం, మన ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) తయారీ. ఉన్నది ఒకే ఒక్క 260 హార్స్‌పవర్ పిస్టన్ ఇంజిన్. ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరేసి పారాచూట్‌తో దించే ఎజెక్షన్ సీటు లేదు.

అయితే ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం ఉన్నపళాన కింద పడదు. ముక్కు కాస్త దించి వేగం నిలబెట్టుకుంటే రెక్కల మీదే జారుకుంటూ వస్తుంది. తగినంత ఎత్తుంటే పొలమో మైదానమో చూసుకునే టైముంటుంది. టేకాఫ్ అయిన వెంటనే, రెండు మూడు వందల అడుగుల్లో ఆగిందంటే మాత్రం చేతిలో ఉండేవి సెకన్లే. అప్పుడు రన్‌వే కోసం వెనక్కి తిరగబోతే వేగం చచ్చి రెక్క వాలిపోతుంది. అందుకే ఎదురుగా ఏది దొరికితే అక్కడే దించమని కుర్రాళ్లకు మొదటి నుంచీ నూరిపోస్తారు.

ఇక దీపక్ అసలు జబ్బు ఇంధనం అందకపోవడం. పూర్వం మన హైవే మీద ఎండాకాలంలో అంబాసిడర్ ఆగిపోతే డ్రైవర్ బానెట్ ఎత్తి పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసేవాడు, గుర్తుందా? పైపులో పెట్రోల్ వేడికి ఆవిరై అడ్డుపడితే పంపు లాగలేదు. విమానంలో పెట్రోల్‌కీ అదే గతి పట్టొచ్చు. తడిగుడ్డ వేయడానికి అక్కడెవరున్నారు?

ఒకసారి అలా ఆగిన విమానాన్ని ఇన్‌స్ట్రక్టర్ దున్నిన చేలో దించారు. ఇద్దరూ బతికారు. మేం వెళ్లేసరికి ముందు చక్రం మట్టిలో కూరుకుపోయి, ప్రొపెల్లర్ కదలకుండా ఉంది. ప్లగ్గులు విప్పాం, ప్లగ్గులకు కరెంటు పుట్టించే మాగ్నెటోలు చూశాం, ఫిల్టర్లు కడిగాం. ఎక్కడా తప్పు లేదు. తెచ్చి స్టార్ట్ చేస్తే ఒక్క కిక్కుకే అందుకుని హాయిగా తిరిగింది. నాకు ఒళ్లు జలదరించింది. విరిగిన ముక్క దొరికితే మార్చేస్తాం, చల్లారగానే మాయమైపోయే ఆవిరిని ఏం పట్టుకుంటాం? ఆ విమానానికి ‘ఓకే’ అని సంతకం పెట్టడమంత కష్టమైన పని నా సర్వీసులో ఇంకొకటి లేదు.

2009 జూలైలో మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు పైలట్లు పోయారు. ఆ తర్వాత మొత్తం దీపక్‌లను నేల మీదే ఆపేశారు. ఆ పని ఇంకా ముందే చేయాల్సిందని నా గట్టి అభిప్రాయం.

2013లో హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీకి దీపక్ స్థానంలో పిలాటస్ పీసీ-7 అనే శిక్షణ విమానం వచ్చింది. దాని టర్బోప్రాప్ ఇంజిన్ (టర్బైన్‌తో ప్రొపెల్లర్‌ను తిప్పేది) కిరోసిన్ జాతి ఇంధనంతో నడుస్తుంది. అది పెట్రోల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు. పైగా ఎజెక్షన్ సీట్లున్నాయి. ప్రమాదమే లేదని నేననను, కానీ మీ బంధువులు చెప్పిన విమానంలో మీవాడు ఎక్కడు. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్షకు లెక్కలు బాగా చేయించండమ్మా, కళ్లు కూడా ఒకసారి డాక్టరుకు చూపించండి.