కరెంటు అక్కర్లేని స్పీకరు కొనడం ఎలా?

ప్రశ్న: మా బావగారు సంక్రాంతికి డల్లాస్ నుంచి వస్తున్నారు. ఒళ్ళో పడుకోబెట్టి స్టీలు కడ్డీతో వాయించే స్క్వేర్‌నెక్ రెసొనేటర్ గిటారు ఆయనతో తెప్పించుకుందామని ఉంది. నా దగ్గర ఉన్నది 50 వేలు. ఆన్‌లైన్‌లో ధరలు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఒకాయన అసలైన గట్టి చెక్కదే కొనమంటాడు, ఇంకొకాయన ఇంట్లో ఉన్న మామూలు గిటారు చాలంటాడు. ఎవరి మాట వినాలి? ఇదీ ఒక టెక్ సందేహమేనా అని నవ్వకండి. (కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు)

నవ్వడమెందుకు? ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం బ్లూటూత్ స్పీకర్ల గురించే. మీరు అడిగింది కరెంటు అక్కర్లేని స్పీకరు గురించి, అంతే తేడా. గిటారుకు యాంప్లిఫయర్ తగిలించే రోజులింకా రాకముందు, హాల్లో బాకాల మోతలో గిటారు వినపడక కళాకారులు తల పట్టుకుంటున్నప్పుడు పుట్టిందిది. అమెరికాలో స్థిరపడిన స్లోవాక్ కుటుంబం డోప్యేరా అన్నదమ్ములు గిటారు పొట్టలో పల్చటి అల్యూమినియం కోన్ కూర్చోబెట్టారు. తీగ కదిలితే అది ఆనుకునే బ్రిడ్జ్ కదులుతుంది, బ్రిడ్జ్ కదిలితే కోన్ ఊగుతుంది. మీ ఇంట్లో స్పీకరు డబ్బాలో కాగితం కోన్ చేసే పనే ఇక్కడ అల్యూమినియం చేస్తుంది. 1928లో వాళ్ళు పెట్టిన కంపెనీ పేరు డోబ్రో. ఇంటిపేరులో ముందు ముక్కా, బ్రదర్స్‌లో ముందు ముక్కా కలిపితే వచ్చిన మాట అది. స్లోవాక్‌లో దానికి ‘మంచి’ అని అర్థం కూడా ఉంది.

ఆ పేరు ఇప్పుడు గిబ్సన్ కంపెనీ చేతిలో ఉంది. అందుకే మిగతా కంపెనీలు తమ వాటిని డోబ్రో అనకుండా రెసొనేటర్ అనో రెసోఫోనిక్ అనో అమ్ముతాయి. వెతికేటప్పుడు ఈ రెండు మాటలకూ ‘స్క్వేర్‌నెక్’ తప్పకుండా చేర్చండి. ఆ ఒక్క మాట వదిలేసి నేను బాగానే చెయ్యి కాల్చుకున్నాను. కొన్నేళ్ళ కిందట ఒక సెకండ్‌హ్యాండ్ యాప్‌లో ముందువైపు ఫొటో ఒక్కటే చూసి మురిసిపోయి డబ్బు పంపేశాను. పెట్టె విప్పితే మెడ గుండ్రంగా ఉంది. సరే, సర్దుకుందామని పెద్ద తీగలు వేసి బిగించాను. రెండు నెలలయ్యేసరికి మెడ విల్లులా వంగి కూర్చుంది.

ఎందుకు వంగిందో చెబితే మీరేం కొనాలో సగం తేలిపోతుంది. మామూలు గిటారులో లావు తీగ నుంచి సన్న తీగ దాకా శ్రుతి, పాశ్చాత్య స్వరాల పేర్లలో, ఈ-ఏ-డీ-జీ-బీ-ఈ. అమెరికా పల్లె సంగీతమైన బ్లూగ్రాస్ వాళ్ళ స్క్వేర్‌నెక్ శ్రుతి జీ-బీ-డీ-జీ-బీ-డీ. అంటే ఆరో తీగను (అన్నిటికంటే లావుది) 82.4 హెర్ట్జ్ నుంచి 98కి, ఐదో తీగను 110 నుంచి 123.5కి పైకి లాగాలి. బిగింపు పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, తీగ మార్చకుండా లాగితే ఆరో తీగ మీద సుమారు 40 శాతం, ఐదో తీగ మీద పాతిక శాతం పైచిలుకు భారం ఎక్కువవుతుంది. గుండ్రటి మెడ వేళ్ళకు అందడానికి సన్నగా చెక్కినది, ఈ లాగుడికి అది ఎక్కడ నిలుస్తుంది? స్క్వేర్‌నెక్ మెడ నలుపలకల దిమ్మలా ఉంటుంది, తీగలు మెడకు చాలా ఎత్తులో ఉంటాయి. వేళ్ళతో తీగను మెడకు నొక్కే పనే లేదు. మెడ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్లు ఇక్కడ కడ్డీ ఎక్కడ ఆపాలో చూపించే గీతలు మాత్రమే. గోటువాద్యం కచేరీ దగ్గరగా చూసినవాళ్ళకు ఈ జారుడు వ్యవహారం వేరే చెప్పక్కర్లేదు.

మీకు ఇందులో ఒక లాభం ఉంది. మామూలు గిటారు కొనేటప్పుడు భయపెట్టే విషయాలు సగం ఇక్కడ లెక్కలోకే రావు. ఫ్రెట్లు సమానంగా ఉన్నాయా, మెడ చేతికి నప్పుతుందా, తీగల ఎత్తు తగ్గించొచ్చా అని చూడక్కర్లేదు. చౌక గిటారు సాధారణంగా అక్కడే దెబ్బతింటుంది. అందుకే ఈ జాతిలో తక్కువ ధరకు కూడా పనికొచ్చే సరుకు దొరుకుతుంది.

గట్టి చెక్క, అంటే పొరలు అతికించని ఒకే పలక, సంగతి. మామూలు గిటారులో పైపలకే మోగుతుంది కాబట్టి అక్కడ ఆ సలహా న్యాయమే. ఇక్కడ మోగేది కోన్. లామినేటెడ్, అంటే పొరలు అతికించిన పలకతో చేసిన ఒళ్ళయినా 50 వేల లోపు గిటారుకు పెద్ద లోటేమీ కాదు. పైగా మే నెలలో మన ఊరి ఎండకూ, జులై ముసురుకూ గట్టి చెక్క కంటే అదే తక్కువ పేచీ పెడుతుంది. గట్టి చెక్క ఒంటితో చేతిపనిగా చేసేవాళ్ళు అమెరికాలో ఉన్నారు. మేరీల్యాండ్‌లోని బేర్డ్ గిటార్స్ అలాంటిదే. కానీ ఆ ధరలు వేల డాలర్లలో ఉంటాయి, వాటి గురించి ఇంకో జన్మలో మాట్లాడుకుందాం.

మీ బడ్జెట్‌లో నేను ముందు వెతికేది గ్రెష్ వాళ్ళ బాక్స్‌కార్, మోడల్ నంబరు జీ9210. నంబరు జాగ్రత్త. అదే బాక్స్‌కార్‌లో జీ9200 అంటే గుండ్రటి మెడ. బావగారికి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఒక్క అంకె అటూ ఇటూ అయితే నా కథే మీ కథ. గోల్డ్ టోన్, రికార్డింగ్ కింగ్, రీగల్ కంపెనీలు కూడా స్క్వేర్‌నెక్‌లు చేశాయి, సెకండ్‌హ్యాండ్‌లో మంచి స్థితిలో ఉంటే వదలకండి. రోగ్ అనే పేరుతో ఇంకా చౌకవి కనిపిస్తాయి. అవి తీసుకుంటే కోన్ మార్చే ఖర్చు ముందే పక్కన పెట్టుకోండి. ఏది కొన్నా కోన్ పదిన్నర అంగుళాలదేనా, దాని మీద సాలెపురుగు కాళ్ళలా ఎనిమిది కాళ్ళు చాచిన బ్రిడ్జ్ ఉందా అని అడగండి. దాన్ని స్పైడర్ అంటారు. డోబ్రో కళాకారుడు జెర్రీ డగ్లస్ వాయిద్యంలో మీరు వినే ఆ నిండైన గొంతు ఈ ఏర్పాటుదే. తొమ్మిదిన్నర అంగుళాల కోన్ మీద చిన్న చెక్క బిళ్ళ ఉండే బిస్కెట్ రకం ఎక్కువగా బ్లూస్ వాళ్ళకు నచ్చుతుంది, గొంతు వేరు.

50 వేలూ గిటారు మీదే పెట్టకండి. ఒక 10 వేలు ఆపుకోండి. గిటారును సరిగ్గా పలికేలా సర్దే సెటప్ అనే పనికి, మంచి తీగలకు, అవసరమైతే కొత్త కోన్‌కు. క్వార్టర్‌మన్ కోన్‌కు ఈ రంగంలో పాతకాలం నుంచీ పేరుంది. చౌక గిటారులో కోన్‌ను అచ్చులో నొక్కి చేస్తారు, మంచి కోన్‌ను లేతు మీద తిప్పుతూ సాగదీస్తారు. స్పైడర్ మీద తీగలు ఆనే చెక్క ముక్కలు (శాడిల్) కూడా చౌకవాటిలో నాసిగానే ఉంటాయి. ఆ రెంటినీ మార్చి, కోన్‌ను గూటిలో సరిగ్గా కూర్చోబెడితే అదే గిటారు కొత్తగా పలుకుతుంది. మన దగ్గర గిటారు బాగుచేసేవాళ్ళు చాలామంది రెసొనేటర్ పొట్ట విప్పి ఉండరు. కాబట్టి అమ్మేవాళ్ళు సెటప్ చేసి ఇస్తామంటే అక్కడే చేయించి తెప్పించుకోండి. మీరే విప్పాల్సి వస్తే, తీగలు పూర్తిగా వదులు చేశాకే, కోన్ మీద మూతలా ఉండే కవర్ ప్లేట్ స్క్రూలు తీయండి. కోన్‌ను వేలితో నొక్కకండి, అది అప్పడంలాంటిది. స్పైడర్ నడుమ ఉన్న స్క్రూ ఆనితే చాలు, బలంగా తిప్పితే కోన్ పైకి లాగేసి గొంతు పూడుకుపోతుంది.

సెకండ్‌హ్యాండ్ అయితే అమ్మేవాళ్ళను వీడియో కాల్‌లో వాయించి చూపించమనకండి. కాల్‌లో మాటలే స్పష్టంగా వినపడాలని యాప్ చుట్టూ ఉన్న శబ్దాన్ని నొక్కేస్తుంది. నిలిచి మోగే తీగను కూడా ఫ్యాన్ చప్పుడనుకుని కోసేస్తుంది. ఫోన్ కెమెరాతో రికార్డు చేసి, ఆ ఫైలును వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి. వీడియోలో మూడు చూపించమనండి. మెడ వెనక భాగం. ఒక్కో తీగ మీటి దాని మోత పూర్తిగా ఆగేదాకా. కవర్ ప్లేట్ మీద వేలితో నాలుగు చోట్ల తట్టడం. తట్టినప్పుడు గలగలమంటే స్క్రూ వదులైనా కావాలి, కోన్ గూటిలో కూర్చోకపోయినా కావాలి. మొదటిది ఐదు నిమిషాల పని. రెండోదైతే ధర తగ్గించమనండి. తీగ ఒక్కటే జుయ్‌మంటుంటే శాడిల్ దాటాక కవర్ ప్లేట్‌కు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడమనండి.

రవాణా విషయానికొస్తే, హార్డ్ కేస్ లేకుండా విమానం ఎక్కించవద్దు. తీగల శ్రుతి రెండు మూడు మెట్లు దించమనండి. బిల్లు బావగారి చేతిలోనే ఉండాలి, కస్టమ్స్ మినహాయింపు దాటితే సుంకం మీరే భరిస్తానని ముందే చెప్పండి. బావల దగ్గర మొహమాటం పనికిరాదు, తర్వాత అక్కయ్యతో మాట పడాల్సి వస్తుంది.

మామూలు గిటారు చాలన్న రెండో ఆయన మాటను కొట్టిపారేయను. సంక్రాంతి దాకా చేతులు ముడుచుకు కూర్చోవడమెందుకు? నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) మీద తొడిగే ఇనుప ఎత్తుముక్క కొన్ని వందల రూపాయలకు వస్తుంది, తీగలను మెడ నుంచి లేపుతుంది. శ్రుతి మాత్రం డీ-జీ-డీ-జీ-బీ-డీ పెట్టుకోండి. ఇందులో ఏ తీగనూ పైకి లాగక్కర్లేదు, మూడింటిని కిందికి దించడమే, కాబట్టి మెడకు భయం లేదు. కడ్డీని ఫ్రెట్ గీతకు సరిగ్గా మీద, వంకర లేకుండా ఆపడం దీనిమీదే అలవడుతుంది. ఈ చదునైన పట్టు రాకముందే గిటారు కొని అటక ఎక్కించినవాళ్ళు నాకు తెలుసు.

ప్రశ్న: నా ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఐదో తీగను బీకి చేస్తుంటే ‘తప్పు’ అని ఎర్రగా మండిపడుతోంది. యాప్ పాడైందా? (నల్లకుంట నుంచి)

యాప్ బాగానే ఉంది, మామూలు గిటారు శ్రుతిలో ఉంది. సెట్టింగుల్లో క్రోమాటిక్ మోడ్‌కు మార్చండి, అప్పుడది ఏ స్వరం వస్తే ఆ స్వరమే చెబుతుంది. లావు తీగ నుంచి వరసగా 98, 123.5, 146.8, 196, 246.9, 293.7 హెర్ట్జ్ కనిపించాలి. ఒక మాట: మామూలు గిటారు తీగలతో ఈ శ్రుతికి లాగితే ఐదు, ఆరు ఎప్పుడు తెగుతాయో చెప్పలేం. రెసోఫోనిక్ అని రాసిన సెట్టే కొనండి, డి’అడారియో ఈజే42 దొరుకుతుంది. ఇంట్లో కుక్కర్ కూతల మధ్య శ్రుతి చేసేవారైతే ఫోన్ వదిలేసి గిటారు తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ వాడండి. అది గాలిలో శబ్దాన్ని కాకుండా చెక్కలో కంపనాన్ని వింటుంది.

ప్రశ్న: రెసొనేటర్‌ను ఫోన్‌తో రికార్డు చేస్తే రేకు డబ్బా మోగినట్టు వస్తోంది. గిటారు శబ్దాన్ని యాంప్లిఫయర్‌కు అందించే పికప్ పెట్టించాలా? (సైనిక్‌పురి నుంచి)

అప్పుడే ఖర్చు పెట్టకండి. మీరు ఫోన్‌ను కోన్‌కు ఎదురుగా, దగ్గరగా పెట్టి ఉంటారు. అక్కడ గొంతు మరీ పదును. గిటారుకు రెండడుగుల దూరంలో, మెడ ఒంటిని కలిసే చోటు వైపు చూపిస్తూ పెట్టండి. రికార్డింగ్ యాప్‌లో నాయిస్ రిడక్షన్ లాంటిది ఉంటే ఆపేయండి. గదిలో ఖాళీ గోడలుంటే ఒక బొంత వేలాడదీయండి. వేదిక మీద వాయించే రోజు వస్తే స్పైడర్ బ్రిడ్జ్‌లోనే అమరే ఫిష్‌మన్ నాష్‌విల్ పికప్ చూడండి, అయితే వట్టి పికప్ శబ్దం ఎండుగా ఉంటుంది. అందుకే దాని వెనక, మైకులో వినిపించే గొంతును తిరిగి కలిపే, కాలితో నొక్కే పెడల్ కూడా వాడుతుంటారు. ఆ రెండూ కలిపితే మన కూకట్‌పల్లి పాఠకుడి బడ్జెట్ ఇక్కడే అయిపోతుంది. ముందు బొంత ప్రయత్నించి, రెండు ఫైళ్ళూ నాకు పంపండి.