స్లీవా, బైపాసా అని తర్వాత అడుగుదురు గాని, ముందు రాత్రి పడుకుంటే గుండెల్లో మంట వస్తుందో లేదో చెప్పండి

మీరు అడిగింది ఇది: బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 41, షుగర్ ఇప్పుడిప్పుడే మొదలైంది, ఒక డాక్టరు స్లీవ్ చాలన్నారు, ఇంకొకాయన బైపాస్ మేలన్నారు, బరువు తగ్గడానికి పొట్టకు చేసే ఈ రెండు ఆపరేషన్లలో ఏది చేయించుకోవాలి?

మా ఇంట్లో రెండూ ఉన్నాయండీ. నాది బైపాస్, మా ఆడపడుచుది స్లీవ్. ఒకే వంటింటి తిండి తిని లావెక్కినవాళ్లం, ఆపరేషన్లు మాత్రం హైదరాబాద్‌లో వేరువేరు ఆసుపత్రుల్లో చేయించుకున్నాం. కాబట్టి ఈ విషయంలో నాకున్నంత అధికారం యూట్యూబ్‌లో తెల్లకోటు వేసుకుని ‘టాప్ 5 తేడాలు’ చెప్పేవాళ్లకు లేదని నా గట్టి నమ్మకం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. బరువు చూసి ఆపరేషన్ ఎంచుకోకండి, మంట చూసి ఎంచుకోండి. పడుకోగానే పులితేన్పులు గొంతులోకి ఎగదన్నే మనిషైతే స్లీవ్ జోలికి పోవద్దు. అలాంటి బాధ లేకపోతే అప్పుడు మిగతా లెక్కలు వేసుకోవచ్చు.

ఎందుకంత ఖాయంగా అంటున్నానంటే తెనాలి పెళ్లి గురించి చెప్పాలి.

మా చిన్నత్తయ్యగారి మనవడి పెళ్లి. అప్పటికి మా ఇద్దరి ఆపరేషన్లూ అయి ఏడాది దాటింది. బంతిలో నేనూ ఆడపడుచూ పక్కపక్కనే కూర్చున్నాం. నేను కాస్త ముద్దపప్పు, నాలుగు మెతుకులు, ఒక వంకాయ ముక్క పెట్టించుకుని, మంచినీళ్ల గ్లాసు దూరంగా జరిపి నెమ్మదిగా నములుతున్నాను. తింటూ నీళ్లు తాగకూడదు మాకు. ఇది చూసి చిన్నత్తయ్యగారికి ప్రాణం ఒప్పలేదు. స్వయంగా పళ్లెం పట్టుకొచ్చి ఒక పూర్ణం బూరె నా ఆకులో వేసి, బొటనవేలితో దానికి చిల్లు పొడిచి, ఆ చిల్లు నిండా కాచిన నెయ్యి పోశారు. “శుభకార్యంలో తీపి కాదనకూడదమ్మా, ఒక్కటే కదా” అని అక్కడే నిలబడ్డారు. నేను తినేదాకా కదలరు. పెళ్లివారింట్లో పెద్దావిడ అలా నిలబడితే ఎవరైనా ఏం చేస్తారు? తిన్నాను.

ఆకులు ఎత్తకముందే మొదలైంది. ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత గుండె దడదడ. జాకెట్టు వీపంతా తడిసిపోయింది. పొట్టలో గుడగుడ, కళ్ల ముందు మసక. చేయి కూడా కడుక్కోకుండా లేచి, వంటవాళ్ల సామాను గదిలోకి పోయి బియ్యం బస్తాల మీద పడుకున్నాను. మా ఆడపడుచు వెనకే వచ్చి కాగితం ప్లేటుతో విసరడం మొదలుపెట్టింది. ఇంతలో ఎవరో గుమ్మంలోంచి “ఆవిడకు బైపాస్ అయిందిట కదా” అన్నారు. ఇంకేముంది! బైపాస్ అంటే గుండెదే అనుకుని, గుండెపోటు వచ్చిందని మండపమంతా పాకింది. ఒకాయన 108కి ఫోన్ కొట్టబోతుంటే మావారు ఆపారు. చిన్నత్తయ్యగారు ఉప్పూ మిరపకాయలూ తెచ్చి మూడుసార్లు దిగదుడిచారు. కాసేపటికి దానంతట అదే తగ్గింది. పేరు మాత్రం మిరపకాయలకు వచ్చింది. ఇప్పటికీ ఆ వైపు చుట్టాలు నాకు దిష్టి తగిలిందనే చెప్పుకుంటారు.

అది దిష్టీ కాదు, గుండెపోటూ కాదు. డంపింగ్ అంటారు. బైపాస్‌లో పొట్ట పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచీ చేసి, చిన్నపేగును తెచ్చి దానికి కలుపుతారు. బెల్లం పాకం లాంటిది ఆ సంచీలో ఆగదు, ఒక్కసారిగా పేగులోకి జారుతుంది. పేగు ఒంట్లోని నీళ్లను లోపలికి లాక్కుంటుంది, హార్మోన్లు ఎగసిపడతాయి, దడా చెమటా వస్తాయి. అందరికీ రాదు, వచ్చినవాళ్లు తీపి పేరెత్తరు. నాకైతే అది నష్టమని ఏనాడూ అనిపించలేదు. ఏ డైటీషియన్ మాటా వినని నేను ఆ బస్తాల మీద పడుకున్నాక మళ్లీ బూరె వంక చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆడపడుచు ఆ రోజు రెండు బూరెలు తింది. మెల్లగా, నవ్వుతూ, నెయ్యితో సహా. ఏమీ కాలేదు. “చూశావా వదినా, నాదే నయం” అంది. రాత్రి విడిదింట్లో ఆడవాళ్లందరం వరసగా పరుపులు వేసుకుని పడుకున్నాం. అర్ధరాత్రి దాటాక దగ్గు. లేచి చూస్తే గోడకు ఆనుకుని కూర్చుంది. నా దిండు కూడా లాక్కుని వీపు వెనక పెట్టుకుంది. హ్యాండ్‌బ్యాగులోంచి గులాబీరంగు యాంటాసిడ్ సీసా తీసి, మూత కూడా వాడకుండా గుక్క వేసింది. “పడుకుంటే చాలు వదినా, పుల్లగా ముక్కులోకి వచ్చేస్తోంది” అంది. తెల్లారేదాకా అలాగే కూర్చుంది. ఆ ఒక్క రాత్రే కాదు, ఇంటి దగ్గరా అంతేనట.

ఆమెకు ఆపరేషన్‌కు ముందే మంట ఉంది. ఎండోస్కోపీ (గొంతులోంచి గొట్టం పంపి పొట్ట లోపల చూసే పరీక్ష) రిపోర్టులో చిన్న హయాటస్ హెర్నియా, అంటే పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం, అని రాసి ఉంది కూడా. అక్కడివాళ్లు “బరువు తగ్గితే అదే పోతుంది” అన్నారు, సంతకం పెట్టించుకున్నారు. స్లీవ్‌లో పొట్టను నాలుగింట మూడొంతుల పైనే కోసి తీసేస్తారు, మిగిలేది సన్నటి గొట్టం. ఆ గొట్టంలో ఒత్తిడి ఎక్కువ, యాసిడ్‌కు పైకి రావడమే దారి. ఇది నేను కల్పించి చెప్పేది కాదు. స్విట్జర్లాండ్‌లో 217 మందిని రెండు ఆపరేషన్లకూ పంచి ఐదేళ్లు చూశారు, ఫలితాలు 2018లో వచ్చాయి. ముందే మంట ఉన్నవాళ్లలో అది ఇంకా ముదిరింది స్లీవ్ వాళ్లలో సుమారు 32 శాతం మందికి, బైపాస్ వాళ్లలో 6 శాతం మందికి. ఫిన్లాండ్‌లో 240 మందిని తీసుకుని పదేళ్లు వెంటపడ్డారు. అన్నవాహిక పుండ్లుపడి వాచడం స్లీవ్‌లో 31 శాతం, బైపాస్‌లో 7 శాతం. బరువులో బైపాస్‌దే కాస్త పైచేయి: ఐదేళ్లకు అదనపు బరువులో 57 శాతం తగ్గితే స్లీవ్‌లో 49. ఆ తేడా కోసం నేనైతే ఆపరేషన్ మార్చుకోను. మంట తేడా కోసం మార్చుకుంటాను.

ఇప్పుడు మా ఆడపడుచుకు స్లీవ్‌ను బైపాస్‌గా మార్చాలంటున్నారు. ఇన్సూరెన్స్ వాళ్లు ఏమన్నారో తెలుసా? “ఇప్పుడు మీ బీఎంఐ తక్కువగా ఉంది కదా” అన్నారట! పాలసీ కాగితంలో బీఎంఐ 40, లేదంటే 35తో పాటు అదుపులో లేని షుగర్, గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లాంటివి ఉండాలని ఉంటుంది. మీకు 41 కాబట్టి ఆ గండం దాటినట్టే. కానీ ప్రీ-ఆథరైజేషన్, అంటే ఇన్సూరెన్స్ వాళ్ల ముందస్తు అనుమతి, చేతికొచ్చాకే అడ్మిట్ అవండి. కౌంటర్‌లో కూర్చున్నవాళ్ల నోటిమాట నమ్మకండి.

ఇంకో మాట. స్లీవ్ ‘సింపుల్’ అనీ, అవసరమైతే వెనక్కి తిప్పొచ్చనీ చాలామంది అనుకుంటారు. తీసేసిన పొట్టను ఎక్కడి నుంచి తెచ్చి అతికిస్తారు? వెనక్కి తిప్పలేనిది స్లీవే. బైపాస్‌లో పాత పొట్ట లోపలే ఉంటుంది, కష్టమే అయినా తప్పనిసరైతే తిరిగి కలపొచ్చు.

అలాగని బైపాస్ పూలపాన్పేమీ కాదు. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ బతికున్నంతకాలం వేసుకోవాలి. స్లీవ్‌లోనూ విటమిన్లు తప్పవు గానీ బైపాస్‌లో మానేస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది, అందులోనూ మాంసం ముట్టని ఇళ్లలో. నొప్పి మాత్రలతో చాలా జాగ్రత్త. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకుంటే సంచీ, పేగు కలిసే చోట పుండ్లు పడతాయి. మన ఊళ్లలో మోకాలు నొప్పి అనడమే ఆలస్యం, ఆర్‌ఎంపీ డైక్లో ఇంజెక్షన్ సిరంజిలోకి ఎక్కించేస్తాడు. మందుల షాపు కుర్రాడు చీటీ అడక్కుండా స్ట్రిప్పు కత్తిరించి ఇస్తాడు. నేను ‘పారాసిటమాల్ తప్ప వద్దు’ అని కాగితం రాసి పర్సులో పెట్టుకుని తిరుగుతాను. కీళ్లవాతంతో ఆ మాత్రలు లేనిదే రోజు గడవనివాళ్లకు, ఇదివరకే పేగులకు రెండు మూడు ఆపరేషన్లు అయినవాళ్లకు స్లీవే నయం. సిగరెట్ మానలేనివాళ్లూ బైపాస్ వైపు చూడొద్దు.

షుగర్‌కు బైపాసే మందు అని గట్టిగా చెప్పేవాళ్లుంటారు. పైన చెప్పిన ఆ రెండు పరిశీలనల్లోనూ షుగర్ విషయంలో స్పష్టమైన తేడా తేలలేదు. మీది కొత్త షుగర్, రెండిటిలో దేనితోనైనా తగ్గే అవకాశం బాగానే ఉంటుంది. ఏళ్లతరబడి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ల కథ వేరు. ఇక జుట్టు రాలడంలో మాత్రం రెండు ఆపరేషన్లూ సమానమే. మూడో నెల నుంచి మా ఇద్దరి దువ్వెనలూ ఒకేలా నిండాయి. తర్వాత మళ్లీ వచ్చింది లెండి.

మధ్యలో ఎవరో ఒకరు మినీ బైపాస్ అంటారు. పేరులో మినీ ఉందని చిన్నదనుకోకండి, పేగును చాలా దూరం దాటిస్తారు, పైత్యరసం ఎగదన్నే బాధ దానికి ప్రత్యేకం. ఇంకొకరు బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ ఉండగా కత్తెందుకంటారు. 2025లో అది మన దేశానికి వచ్చినప్పటి నుంచి మా వీధిలో ప్రతివాళ్లూ నిపుణులే. మానేస్తే తగ్గిన బరువు చాలావరకు తిరిగొస్తుందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

మీరు బీఎంఐ రాశారు, షుగర్ రాశారు, అసలుది రాయలేదు. రాత్రిళ్లు మంట, పొడి దగ్గు, తెల్లారేసరికి గొంతు బొంగురు ఉన్నాయా? రెండో డాక్టరు బైపాస్ అన్నారంటే ఎండోస్కోపీలో ఏదో చూసే అని ఉంటారని నా అనుమానం. ఆ రిపోర్టులో హయాటస్ హెర్నియా అనో, ఈసోఫజైటిస్ (అన్నవాహిక వాపు) గ్రేడ్ అనో ఉంటుంది, ఆ లైను కింద కామెంట్లో పెట్టండి. అసలు ఎండోస్కోపీయే చేయించకుండా స్లీవ్‌కు తేదీ ఇచ్చి ఉంటే ఆ తేదీ వాయిదా వేసుకుని ముందు అది చేయించుకోండి.