పియానో గురించి, దాని చరిత్ర గురించి మీకు తెలిసిన ఆసక్తికరమైన విషయాలు ఏమిటి?

పియానోకు 88 మీటలు, సుమారు 230 తీగలు ఉంటాయని ఎవరైనా చెబుతారు. ఆ అంకెలకన్నా నన్ను ఆకట్టుకున్నది దాని లోపలి సుత్తి. తీగను కొట్టిన మరుక్షణమే అది వదిలేస్తుంది. పియానో గొప్పదనమూ, లోటూ రెండూ ఆ వదిలేయడంలోనే ఉన్నాయని నా అభిప్రాయం. చిన్నప్పుడు వీణ నేర్చుకుని, చాలా ఏళ్ల తర్వాత మా అమ్మాయి కోసం పాత పియానో కొన్నవాణ్ణి కాబట్టి నాకు ఇలా అనిపిస్తుందేమో.

17వ శతాబ్దం చివర యూరప్‌లో మీటలున్న తీగవాద్యాలు ప్రధానంగా రెండు రకాలు. హార్ప్సికార్డ్‌లో పక్షి ఈక కాడతో చేసిన చిన్న ముల్లు తీగను మీటుతుంది. వేలు మెల్లగా వేసినా బలంగా వేసినా ధ్వని ఇంచుమించు ఒకటే. క్లావికార్డ్‌లో మీట చివరనున్న ఇత్తడి రేకు తీగను తాకి, వేలు తీసేదాకా దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. అందువల్ల వేలి ఒత్తిడి మార్చి స్వరాన్ని కాస్త ఊపవచ్చు. మన గమకం అంత కాకపోయినా ఆ దారిలోదే. కానీ దాని గొంతు మరీ చిన్నది, గది దాటి వినబడదు.

ఫ్లోరెన్స్‌లో మెడిచి వంశపు రాకుమారుడు ఫెర్డినాండో కొలువులో వాద్యాల బాగోగులు చూసే బార్తొలొమేయో క్రిస్టొఫోరి ఈ చిక్కు విప్పాడు. 1700 నాటి ఆ కొలువు వాద్యాల జాబితాలోనే, మెల్లగానూ గట్టిగానూ పలికే ఆయన కొత్త వాద్యం నమోదై ఉంది. మీటతో పాటు సుత్తి కూడా పైకి లేచి అక్కడే ఉండిపోతే, తీగకు ఆనుకుని నాదాన్ని చంపేస్తుంది. అందుకని తీగ ఇంకా వెంట్రుకవాసి దూరంలో ఉండగానే మీటకూ సుత్తికీ సంబంధం తెగిపోయేలా ఆయన ఒక ఏర్పాటు చేశాడు. అక్కడి నుంచి సుత్తి తన వేగంతోనే వెళ్లి, కొట్టి, వెనక్కి పడుతుంది. వేలు ఎంత వేగంగా దిగితే నాదం అంత బలంగా ఉంటుంది. ఆయన చేసిన పియానోలలో మూడు మిగిలాయి: 1720 నాటిది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, 1722 నాటిది రోమ్‌లో, 1726 నాటిది లైప్‌జిగ్‌లో ఉన్నాయి. చివరిదానికి 49 మీటలే.

జర్మనీలో గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మన్ చేసిన తొలి పియానోలు చూసి, పై స్వరాలు బలహీనంగా ఉన్నాయనీ, మీటలు బరువుగా ఉన్నాయనీ ప్రసిద్ధ సంగీతకర్త బాఖ్ పెదవి విరిచాడట. సిల్బర్‌మన్‌కు కోపం వచ్చినా వాటిని సరిచేశాడు. 1749లో అదే బాఖ్ ఒక పియానో అమ్మకానికి మధ్యవర్తిగా ఉన్నాడు!

తర్వాతి కథంతా బలం పెంచడమే. చెక్క చట్రం ఎక్కువ బిగువును మోయలేదు. 1825లో బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే ముక్కగా పోతపోసిన ఇనుప చట్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటి పెద్ద పియానోలలో తీగల మొత్తం బిగువు 20 టన్నుల దాకా ఉంటుంది. మా పియానోను మేడ ఎక్కించిన నలుగురికీ ఆ ఇనుము సంగతి నాకన్నా బాగా తెలుసు.

పియానో అందుబాటులో ఉంటే రెండు పనులు చేసి చూడండి. ఒక మీటను చాలా నెమ్మదిగా కిందికి నొక్కండి. చప్పుడే రాదు. సుత్తికి తీగదాకా వెళ్లే వేగం అందలేదన్నమాట. దాన్ని అలాగే పట్టుకుని, అదే స్వరం కింది స్థాయి మీటను ఠక్కున కొట్టి వదలండి. మీరు కొట్టని పై స్వరం సన్నగా మోగుతూ ఉంటుంది. నొక్కి ఉంచిన మీట తన తీగల మీద ఆని నాదాన్ని ఆపే ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) దిమ్మను ఎత్తేసింది కాబట్టి అవి కింది తీగతో కలిసి కంపిస్తాయి. వీణ వాయించేవారికి ఇది కొత్త కాదు.

వీణ చెవికి కష్టం మరోచోట. శ్రుతి చేయడానికి వచ్చిన పెద్దాయన ఒక్కో స్వరానికి ఉన్న మూడు తీగలలో రెండింటిని ఫెల్ట్ పట్టీతో మూసి, మధ్య తీగను సరిచేస్తున్నారు. పంచమం చక్కగా కలిసిన తర్వాత కావాలనే పిసరంత తగ్గించారు. ప్రాణం ఉసూరుమంది. శుద్ధమైన పంచమాలు పన్నెండు వరుసగా పేర్చుకుంటూ పోతే మళ్లీ షడ్జం దగ్గరికి సరిగ్గా చేరం, కాస్త దాటిపోతాం. ఆ మిగులును పన్నెండింటికీ సమానంగా పంచితేనే ఏ స్వరాన్ని షడ్జంగా పెట్టుకున్నా వాయించుకోవచ్చు. దాని ఫలితం గాంధారం మీద బాగా పడుతుంది. తంబురాలో దానంతటదే పలికే అంతర గాంధారం కన్నా పియానో గాంధారం అర్ధస్వరంలో (పక్కపక్క మీటల మధ్య తేడాలో) దాదాపు ఏడో వంతు ఎక్కువ. మీటిన తీగను లాగి సరిచేసుకునే వీలు వీణకు ఉంది. పియానోలో సుత్తి వెళ్లిపోయాక ఇక చేయగలిగింది లేదు. కల్యాణి రాగాన్ని పియానో మీద విన్నప్పుడల్లా నాకు వెలితిగా ఉండేది ఇందుకే. అదే పియానో మీద నాలుగైదు స్వరాలు కలిసి మోగితే మాత్రం వీణ ఊసే గుర్తుకు రాదు.

పాత పియానో కొనే ఆలోచన ఉంటే ముందు ట్యూనర్‌ను తీసుకెళ్లి తీగలను బిగించే బిరడాలు వదులుగా ఉన్నాయేమో చూపించండి. అవి నిలవకపోతే శ్రుతి నిలవదు, బాగుచేయించడానికి కొన్నంత ఖర్చు కావచ్చు. వానాకాలంలో తేమకు లోపలి చెక్క పలక ఉబ్బి శ్రుతి పెరుగుతుంది, ఎండలకు దిగుతుంది. అందుకే మేము వానలు తగ్గాకనే శ్రుతి చేయిస్తాం.