పాటలు కట్టుకుని బతుకుతానన్న మా చిన్నాకి

చిన్నా,

ఉద్యోగం మానేసి పాటలు కట్టుకుంటూ, సొంతంగా ప్రొడ్యూస్ చేసుకుంటూ బతుకుతానని నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను. మీ నాన్న టెన్షన్ నాకు తెలుసు గానీ, ముప్పై ఏళ్లు స్టూడియోల్లో కీబోర్డ్ వాయించి ఇల్లు నడిపిన నాకు నిన్ను వద్దనడానికి నోరు రాదు. ఎవరిని చూసి నేర్చుకోవాలి అని అడిగావు కదా. మనవాళ్ల పాటలు నీకు కంఠతా వచ్చు కాబట్టి, నువ్వు పేరు కూడా విని ఉండని ఒకాయన గురించి చెప్తా. క్రొయేషియాలో సముద్రం ఒడ్డున స్ప్లిట్ అనే ఊరుంది, అక్కడ 1961లో పుట్టిన టోంచి హుల్యిచ్.

ఈయన మగజిన్ అనే బ్యాండ్‌లో కీబోర్డ్ వాయిస్తూ దానికి పాటలు కట్టేవాడు. ఆ బ్యాండ్‌లో పాడే అమ్మాయిలు మారుతూనే వచ్చారు. ఒకప్పుడు ల్యిల్యానా నికొలొవ్‌స్కా, తర్వాత దనియెలా మార్టినోవిచ్, ఆమె సొంత దారి చూసుకున్నాక యెలెనా రోజ్గా. ఇన్ని గొంతులు మారినా బ్యాండ్ మూతపడలేదు, ఎందుకంటే ట్యూన్ తయారుచేసే చెయ్యి మారలేదు. 1995లో ఒపెరా పాడే ఒకావిడని తెచ్చి అదే బ్యాండ్‌తో కలిపి యూరోవిజన్‌కి, అంటే ఏటా యూరప్ దేశాల మధ్య జరిగే పాటల పోటీకి, పంపితే ఆరో స్థానం వచ్చింది. ఆ పాటకి మాటలు రాసింది హుల్యిచ్ భార్య వ్యెకొస్లావా.

ఇంకా ఉంది విను. 2000లో బాండ్ అనే నలుగురమ్మాయిల తీగవాద్యాల బృందం ‘విక్టరీ’ అని వాయించిందే, అది ఈయన ట్యూనే. మాక్సిమ్ మ్ర్విట్సా పియానో మీద వాయించే ‘క్రొయేషియన్ రాప్సొడీ’ కూడా ఈయనదే. వాటిలో మాటల్లేవు, పాడే గొంతు లేదు, అయినా ట్యూన్ నిలబడింది. నేను చెప్పదలుచుకున్నది ఇదే చిన్నా. నీ పాటని ముందు ఒక్క వాద్యం మీద వాయించి చూడు, అక్కడ నిలబడితేనే మిగతావి చేర్చు.

నేను ఇది దెబ్బ తిని నేర్చుకున్నా. ఒకసారి ఒక సినిమా పాటకి డ్రమ్స్, తీగవాద్యాలు, ఫ్లూట్ అన్నీ కష్టపడి ప్రోగ్రామింగ్ చేసి పెట్టుకున్నాను. తీరా సింగర్ వచ్చి మైక్ ముందు నిలబడ్డాక చరణంలో పైస్వరం అందలేదు, అప్పటికప్పుడు శ్రుతి దించాం. దించగానే పాట చప్పగా చచ్చిపోయింది. ట్యూన్‌లో బలం లేదు, ఆ హడావిడంతా దాన్ని కప్పిపెట్టిందని నాకు ఆ రాత్రి మిక్సింగ్‌లో కూర్చున్నప్పుడు తెలిసింది. కన్సోల్ ముందు తల పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నా.

అలాగని ప్రొడక్షన్ చిన్నపని అనుకోకు. 1999లో జెరూసలేంలో జరిగిన యూరోవిజన్‌కి హుల్యిచ్ కట్టిన ‘మరియా మగ్దలేనా’ని డొరిస్ డ్రాగోవిచ్ పాడింది. 118 పాయింట్లు, నాలుగో స్థానం. అయితే ముందే రికార్డ్ చేసిన ట్రాక్‌లో గొంతులు ఉండకూడదన్నది అప్పట్లో అక్కడి రూల్, వీళ్ల ట్రాక్‌లో మగగొంతుల కోరస్ వినిపించిందని నార్వేవాళ్లు ఫిర్యాదు చేశారు. నాలుగో స్థానం అలాగే ఉంచారు గానీ, తర్వాత ఏ దేశాలు పోటీకి రావాలో తేల్చే ఐదేళ్ల సగటు లెక్కలో ఆ పాయింట్లలో మూడోవంతు కోసేశారు. అంత మంచి పాటకి అలా జరిగిందంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కాబట్టి నీ ఫైల్‌లో ఉన్న ప్రతి శబ్దం ఎక్కడిది, ఎవరిది, వాడొచ్చా లేదా అన్నది నీకు తెలిసి ఉండాలి. లూప్, అదే మళ్లీ మళ్లీ తిప్పి వాడే రెడీమేడ్ మ్యూజిక్ ముక్క, ఎక్కడో దొరికింది కదా అని పెట్టేయకు.

డబ్బు విషయం. ట్యూన్ నీది, మాటలు ఇంకొకరివి అయితే ఎవరికెంత వాటానో రికార్డింగ్ రోజునే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి, ప్రాణస్నేహితుడైనా సరే. నా ట్యూన్ ఒకటి వేరే పేరుతో బయటికొచ్చింది, నా దగ్గర కాగితం ముక్క లేదు. మన దేశంలో 2012 కాపీరైట్ సవరణ తర్వాత, సినిమాకి ఇచ్చిన పాటైనా థియేటర్లో ఆడటం మినహా మిగతా వాడకాల రాయల్టీలో వాటా వదులుకుంటున్నానని స్వరకర్త, రచయిత రాసిచ్చినా అది చెల్లదు. పాటల రాయల్టీ వసూలు చేసి స్వరకర్తలకీ రచయితలకీ పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకో, ప్రతి పాటా నమోదు చెయ్యి. బద్ధకించకు.

ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు బ్యాంకులో వేసుకున్నాకే ఉద్యోగానికి రాజీనామా ఇవ్వు, మీ నాన్నతో నేను మాట్లాడతా. ఈ ఆదివారం లోపు ఒక ట్యూన్ పంపు. డ్రమ్స్ వద్దు, ఎఫెక్టులు వద్దు, కీబోర్డ్ మీద ఒంటిచేత్తో వాయించి ఫోన్లో రికార్డ్ చేసి పంపు చాలు.

మీ పెదనాన్న